గాజుపెట్టెలో కడలి

ఎగువ అహోబిలంలో యాత్రికులు తలయెత్తి చూచే కొండగోడలు ఒకనాటి సముద్రపు ఇసుకయే. నూరు కోట్ల సంవత్సరాలకు పూర్వం ఈ నల్లమల తావున లోతు తక్కువ కడలి ఉండేదనీ, దాని అడుగున పేరుకొన్న ఇసుకయే బిగిసి క్వార్ట్‌జైటు రాయి అయినదనీ భూగర్భశాస్త్రజ్ఞులు నిర్ణయించారు. ఆ కడలి ఏనాడో తరలిపోయినది. రాయలసీమ పల్లెలకు వేసవిలో మంచినీటి కటకట తప్పనిదైనది. అట్టి నేలమీద ఒక గృహస్థు తన చావడిలో గాజుతొట్టె నిలిపి, అందులో సముద్రపు చేపను పెంచవచ్చునా? డబ్బుంటే పెంచవచ్చునని బజారు అంటున్నది. పెంచదగునా అన్నది వేరే ప్రశ్న.

ఈ ప్రశ్న సర్జన్ చేప విషయంలో మరింత పదునెక్కుతున్నది. తోక మొదట ఇరుప్రక్కల శస్త్రవైద్యుని కత్తివంటి ముల్లు ఉండడంచేత దానికా పేరు వచ్చినది. ఆ కుటుంబంలో పౌడర్ బ్లూ టాంగ్ అనేది మన హిందూమహాసముద్రపు పగడపు దిబ్బల బిడ్డ. నీలిమేను, నల్లని ముఖం, పసుపుపచ్చని వీపురెక్క: చూచినవారి చూపు మరలదు. కాని అది పగలెల్ల రాళ్లమీది నాచు మేస్తూ విశాలంగా ఈదే ప్రాణి. ఇరుకున పెడితే కుంగిపోతుంది. కుంగినదానికి తెల్లచుక్కల తెగులు సులభంగా సోకుతుంది. తనవంటి మరొక చేప ప్రక్కన ఉంటే సహించదు.

దాని అవసరాలను సీమ నేలమీద లెక్కించి చూడవలె. ఐదువందల లీటర్ల తొట్టె అనుకొంటే, లీటరుకు 35 గ్రాముల చొప్పున పదిహేడున్నర కిలోల సముద్రలవణం కావలె. బోరునీటిలోని ఖనిజాలు పనికిరావు గనుక శుద్ధియంత్రం కావలె. అది ఒక బిందె మంచినీరిచ్చేందుకు రెండు మూడు బిందెలు పారబోస్తుంది. బయట ఎండ 40 డిగ్రీలు దాటినా తొట్టెనీరు 26 డిగ్రీల దరిదాపున ఉండవలె. నీరు ఆవిరైపోతే ఉప్పు మిగిలిపోతుంది గనుక నిత్యమూ శుద్ధజలం పోస్తుండవలె. కరెంటు పోయి పంపులు ఆగితే, కొన్ని గంటలలోనే చేపకు ఊపిరి కరవవుతుంది.

ఇంతటి శ్రమకూ ఓర్చి ఈ చేపను ఏండ్లతరబడి సుఖంగా ఉంచినవారు లోకంలో లేకపోలేదు. వారి శ్రద్ధను తక్కువ చేయరాదు. శాస్త్రమూ ముందుకు సాగుతున్నది. 2015లో హవాయిలోని ఓషియానిక్ ఇన్‌స్టిట్యూట్ పసుపు టాంగ్ పిల్లలను, 2016లో ఫ్లారిడా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు నీలి టాంగ్ పిల్లలను తొట్లలోనే పుట్టించి పెంచగలిగారు. ఐనప్పటికీ అమ్మకానికి వచ్చే పౌడర్ బ్లూ చేపలలో అధికభాగం పగడపు దిబ్బలనుండి పట్టి తెచ్చినవే. అనుభవం లేని చేతిలో ఒకటి చనిపోతే దాని స్థానంలో మరొకటి కొంటారు. దిబ్బమీద మరొకటి తగ్గుతుంది.

కనుక ముచ్చటపడేవారు మొదట చిన్నవాటితో చేయి తిప్పుకొనడం న్యాయం. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్ చేపలను తొట్లలోనే పుట్టించి పెంచే పద్ధతిని నెలకొల్పినది. ఆ చిన్న చేపకు ఇంత ఈతచోటు అక్కరలేదు, దానికోసం దిబ్బను కొల్లగొట్టనక్కరలేదు. సర్జన్ చేపనే కోరేవారు కొనకముందు తొట్టె వైశాల్యాన్ని, వేసవిని, కరెంటును, ఇంటివారి త్రాగునీటిని లెక్కవేసుకోవలె. వాటిలో ఏ ఒక్కటి చాలకున్నా ఆ చేపను కడలికే వదలిపెట్టడం ధర్మం.