గృహోపయోగములు: కాఫీ పిప్పి



ప్రాతఃకాలమున డికాక్షను దిగిన పిమ్మట ఫిల్టరు పైగిన్నెలో మిగులు పిప్పిని కొందరు పాత్రలు తోము తొట్టిలో గుమ్మరింతురు. ఆ సన్నని పొడి జిడ్డుతో కలిసి గొట్టమున గట్టిపడి నీటి నాపును. మరికొందరు ఎరువని నమ్మి అనుదినము తులసి మొదటనే పోయుదురు. కొన్నాళ్లకు తులసి వాడగా, అపశకునమని ఇల్లాలు దిగులుపడును. దోషము పచ్చి పిప్పిది గాని ఆమె భక్తిది కాదు.

పిప్పిలో నూటికి సుమారు 2 పాళ్లు నత్రజని కలదు. కాని సూక్ష్మజీవులు దానిని విడగొట్టిన పిదపనే ఆ సారము వేళ్లకు దక్కును. అంతవరకు పిప్పియందు మిగిలిన కెఫీను లేత మొలకలను ఎదుగనీయదు. మందముగా పోసినచో పైన పొరగట్టి నీటిని ఇంకనీయదు. 2016వ సంవత్సరమున ఆస్ట్రేలియాలోని మెల్బోర్ను శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధనలో, పచ్చి పిప్పి కలిపిన నేలయందు ముల్లంగి, పొద్దుతిరుగుడు మున్నగు మొక్కల ఎదుగుదల మిక్కిలి తగ్గినది.

కావున పిప్పిని ముందుగా మాగబెట్టవలెను. అడుగున చిల్లులుగల పాత కుండలో ఎండుటాకులు 3 పాళ్లు, కూరగాయల తొక్కలు 1 పాలు, పిప్పి 1 పాలు చొప్పున పొరలుగా వేయుడు. పిప్పి మొత్తములో ఐదవ వంతుకు మించరాదు. చికోరీ కలిసిన పొడియైనను బాధలేదు. అదియు ఒక మొక్క వేరే కదా! పిండిన గుడ్డకున్నంత చెమ్మ చాలును. వారమున కొకమారు కలియబెట్టుడు. సుమారు 3 నెలలకు నల్లబడి, తొలకరికి తడిసిన మట్టివాసన వచ్చినచో ఎరువు సిద్ధమైనదని యెరుగుడు. దానిని మొక్కకొక గుప్పెడు వేసిన చాలును.

కుండకు ఎక్కువైన పిప్పిని పళ్లెమున పలుచగా పరచి బాగుగ ఎండబెట్టుడు. తడిగా మూతపెట్టిన త్వరలోనే బూజు పట్టును. ఎండిన పొడిని చిన్నగిన్నెలో రెఫ్రిజిరేటరునం దుంచిన దుర్వాసన కొంత తగ్గును. జిడ్డుపట్టిన ఇనుప బాణలిని దానితో తోమవచ్చును. వెల్లుల్లి ఒలిచిన చేతులకు రుద్దుకొని కడిగికొనవచ్చును. పాలరాతిపై మాత్రము వాడరాదు, మరక పడును. ఇంట కుక్క యున్నచో పిప్పిని దాని కందనిచోట నుంచుడు. కెఫీను కుక్కలకు విషము.

మన అరకు కొండలయందు గిరిజన స్త్రీపురుషులు కాఫీ పండ్లను చేతితోనే కోయుదురు. అచ్చటి తోటలలో నీడచెట్ల ఆకులు రాలి, నేలపై మెల్లగా మాగి, కాఫీమొక్కకే బలమగును. మన పెరటి కుండలో జరుగునదియు అదియే. నేడు కుండ నుంచినవారికి మూడు నెలలలో మల్లెపాదుకును తులసికోటకును తగిన ఎరువు చేతికందును.