క్షమాభిక్ష ఎవరి సొత్తు?

పుత్తూరు పేరు వినగానే ఆంధ్రదేశంలోనూ, పొరుగున ఉన్న తమిళదేశంలోనూ ముందుగా స్ఫురించేది ఎముకల కట్టు. చేయి విరిగినవారు, కాలు విరిగినవారు తరతరాలుగా ఆ ఊరికి వస్తూనే ఉన్నారు. అక్కడి కట్టువైద్యుని పనిలో ఒక వరుస ఉన్నది. మొదట అతడు విరిగినచోటు చేతితో తడిమి చూచి, ఎముకను లాగి, దాని స్థానంలోనికి తెస్తాడు. రోగి కేకవేసినా ఆ పని ఆగదు. ఆకుపసరు, కోడిగ్రుడ్డు సొన, వెదురుబద్దలు, గుడ్డకట్టు, ఇవన్నీ ఆ తరువాతి మాట. ఎముక కుదురుకొనకముందే కట్టు బిగిస్తే నొప్పి కొంత తగ్గవచ్చును గాని, అవయవం జీవితాంతం వంకరగానే ఉండిపోతుంది.

రాజ్యానికి కూడా ఇటువంటి కట్టు ఒకటి ఉన్నది. దాని పేరు క్షమాభిక్ష. భారత రాజ్యాంగం 72వ అధికరణం ద్వారా రాష్ట్రపతికి, 161వ అధికరణం ద్వారా గవర్నరుకు దోషులను క్షమించే అధికారం, శిక్షను నిలిపివేసే, తగ్గించే, మార్చే అధికారం ఇచ్చింది. ఈ అధికారం అనవసరమని ఎవరూ అనలేరు. న్యాయమూర్తులూ మానవులే, పొరపాటు వారికీ సహజం. చట్టం అందరికీ ఒకే కొలబద్ద పట్టుకొని నిలిచినప్పుడు, దానికి అందని దైన్యం ఒక్కొక్కరి బ్రతుకులో ఉండవచ్చును. అట్టి వారికోసమే రాజ్యాంగకర్తలు ఈ వాకిలి తెరచి ఉంచారు.

కాని అవినీతి నేరానికి శిక్షపడిన రాజకీయనాయకుడు అదే వాకిట నిలిచి చేయి చాచినప్పుడు ఏమి చేయవలెను? ప్రజల సొమ్ము అపహరించినవానికి ప్రజల పేరుతోనే క్షమాభిక్ష పెట్టవచ్చునా?

తెలుగువారికి ఈ ప్రశ్న కొత్తది కాదు. 17వ శతాబ్దంలో గోలకొండ సుల్తాను తానీషా కాలాన భద్రాచల ప్రాంతానికి తహశీల్దారుగా ఉండిన కంచెర్ల గోపన్న, సర్కారుకు చెల్లవలసిన సొమ్మును రామాలయ నిర్మాణానికి వెచ్చించి చెరసాల పాలైనాడు. ఆయనే భక్త రామదాసు. అక్కన్న, మాదన్నలు ఆయనకు మేనమామలనీ, వారు సుల్తాను కొలువులో మహామంత్రిపదవి నిర్వహించినవారనీ ప్రసిద్ధి. సొంతానికి ఒక్క కాసు వాడుకొన్నవాడు కాదు. తెలుగుదేశమంతా ఆయనను నేటికీ పూజిస్తున్నది. ఇంత ఉండి, జనులు తరతరాలుగా చెప్పుకొంటున్న కథలో ఆయన ఎట్లా విడుదలైనాడు? మేనమామల సిఫార్సుతో కాదు, భక్తిని మెచ్చిన సుల్తాను దయతోనూ కాదు. రామలక్ష్మణులు మారువేషాలతో తానీషా వద్దకు వచ్చి, బాకీ సొమ్ము పూర్తిగా చెల్లించి, రసీదు పుచ్చుకొన్నారు. ఆ తరువాతనే చెరసాల తలుపులు తెరచుకొన్నవి. సాక్షాత్తు దేవుడే దిగివచ్చినా ఖజానా లెక్క సరిపెట్టకుండా భక్తుని విడిపించలేదని చెప్పుకొన్న జనుల న్యాయబుద్ధి గమనింపదగినది.

ఆధునిక కాలంలో రాయలసీమలోనే జరిగిన ఉదంతం మరొకటి ఉన్నది. అది అవినీతి కేసు కాదు, హత్యకేసు. అయినప్పటికీ రాజకీయ క్షమాభిక్ష ఏ దారిన నడుస్తుందో అది స్పష్టంగా చూపింది. కర్నూలు జిల్లా కాంగ్రెసు నాయకుడు గౌరు వెంకటరెడ్డికి పదేండ్ల కారాగారశిక్ష పడింది. 2004లో రాష్ట్రంలో ప్రభుత్వం మారి కాంగ్రెసు అధికారంలోనికి వచ్చింది. ఆయన భార్య ఆ పార్టీ తరఫున శాసనసభ్యురాలైనది. 2005 ఆగస్టులో గవర్నరు ఆయనకు మిగిలిన శిక్షను రద్దుచేశారు. హతుల కుమారులు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. న్యాయస్థానం దస్త్రాలు తెప్పించి చూడగా, మునుపు ప్రతికూలంగా ఉన్న అధికారుల నివేదికలు ప్రభుత్వం మారిన పిదప అనుకూలంగా మారిన సంగతి బయటపడింది. ఆయన మంచి కాంగ్రెసు కార్యకర్త అన్న మాట కూడా ఆ నివేదికలలో చోటుచేసుకొన్నది. 2006 అక్టోబరు 11న న్యాయమూర్తులు అరిజిత్ పసాయత్, ఎస్. హెచ్. కపాడియాలు ఆ ఉత్తర్వును కొట్టివేశారు. కులం, మతం, రాజకీయ విధేయత క్షమాభిక్షకు కారణాలు కారాదని స్పష్టం చేశారు.

ఈ తీర్పులో ఉపాధ్యాయులు పిల్లలకు తప్పక చెప్పదగిన పాఠం ఒకటి ఉన్నది. రాష్ట్రపతిగాని, గవర్నరుగాని ఈ అధికారాన్ని స్వంత విచక్షణతో వినియోగించరు. మంత్రిమండలి సలహాపై నడచుకొంటారు. అంటే రాజకీయ నాయకుని అర్జీపై చివరకు సలహా చెప్పేవారు రాజకీయ నాయకులే. ఆ అర్జీ స్వపక్షానిదైతే స్నేహం, మిత్రపక్షానిదైతే అవసరం, ప్రతిపక్షానిదైతే బేరం అడ్డువస్తాయి. దిక్కులేని ఖైదీ అర్జీకి ఈ మూడింటిలో ఏ ఒక్కటీ తోడురాదు. కంచే చేను మేసిన కేసులో కంచెనే సలహా అడిగినట్లవుతున్నది.

ఇతర దేశాల అనుభవం కూడా ఇంతకంటె భిన్నంగా లేదు. ఫిలిప్పీన్సు మాజీ అధ్యక్షుడు జోసెఫ్ ఎస్ట్రాడాకు ప్రజాధనం కొల్లగొట్టిన నేరానికి 2007 సెప్టెంబరు 12న యావజ్జీవశిక్ష పడింది. ఆ తరువాత ఆరు వారాలు తిరిగీ తిరగకముందే, అక్టోబరు 25న, అధ్యక్షురాలు అరోయో ఆయనను క్షమించారు. విచారణ కాలంలో ఆరేండ్లకు పైగా నిర్బంధంలో ఉన్నాడన్నది నిజమే. కాని ఆ క్షమాపణ శిక్షతో ఆగక పౌరహక్కులను, రాజకీయ హక్కులను కూడా తిరిగి ఇచ్చింది. 2010లో ఆయన మరల అధ్యక్షపదవికి పోటీచేసి రెండవ స్థానంలో నిలిచాడు. 2013లో మనీలా నగరాధిపతి అయినాడు. క్షమాభిక్ష ముసలితనానికి ఆసరాగా వచ్చి, పదవికి నిచ్చెనగా మారింది.

భారతదేశంలో రాష్ట్రపతి ప్రమేయం లేకుండానే ఇటువంటి ఫలం దక్కిన ఉదాహరణ ఉన్నది. సిక్కింలో ప్రేమ్ సింగ్ తమాంగ్ మంత్రిగా ఉన్నకాలంలో ఆవుల పంపిణీ పథకంలో జరిగిన నిధుల దుర్వినియోగానికి ఒక సంవత్సరం శిక్ష అనుభవించి 2018 ఆగస్టులో విడుదలైనారు. చట్టప్రకారం ఆ పిమ్మట ఆరేండ్లు ఎన్నికలలో నిలువరాదు. 2019 మేలో ఆయన ముఖ్యమంత్రి అయినారు. అదే సంవత్సరం సెప్టెంబరులో ఎన్నికల సంఘం తన చట్టబద్ధమైన అధికారంతో ఆ అనర్హతను ఒక సంవత్సరం ఒక నెలకు కుదించింది. శిక్ష పూర్తిగా అనుభవించినవారే కదా అని వాదింపవచ్చును. కాని చట్టం ఆరేండ్ల గడువు పెట్టినది ఆ మనిషిని బాధించుటకు కాదు, ఖజానాను కాపాడుటకు.

ప్రతివాదం కూడా వినవలసియున్నది. వృద్ధుడై, రోగియై, మంచంపట్టిన ఖైదీని జైలులోనే చావనీయవలెనా అని దయగలవారు అడుగుతారు. దక్షిణ కొరియాలో అవినీతి నేరానికి శిక్షపడిన మాజీ అధ్యక్షురాలు పార్క్ గున్-హైని దాదాపు ఐదేండ్ల నిర్బంధం తరువాత, 2021 డిసెంబరులో, ఆమె రాజకీయ ప్రత్యర్థియైన అధ్యక్షుడు మూన్ జే-ఇన్ క్షమించారు. ఆమె అనారోగ్యం, జాతీయ సమైక్యత అందుకు చెప్పిన కారణాలు. దయ అనే గుణం రాజ్యానికి కూడా ఉండవలసినదే; నాయకుడైనంత మాత్రాన మనిషి కాకుండా పోడు. సాధారణ ఖైదీకి ఏ జబ్బు చేస్తే విడుదల లభిస్తుందో, అదే జబ్బుకు మాజీ మంత్రికీ లభించవలెను. అంతకు మించి లభించరాదు.

ఇక్కడ ఒక భేదం మరువరాదు. శిక్ష వేరు, దోషం వేరు. ప్రభుత్వం శిక్షలో కొంత తగ్గించినంత మాత్రాన న్యాయస్థానం విధించిన శిక్ష చెరిగిపోదనీ, ఎన్నికల అనర్హత తొలగదనీ సుప్రీంకోర్టు 1961లోనే, అస్సాం నుంచి వచ్చిన శరత్‌చంద్ర రాభా కేసులో నిర్ణయించింది. ఈ భేదమే క్షమాభిక్షకు హద్దు కావలెను. జైలుగది తలుపు తీయవచ్చును. ఖజానా తాళపుచెవి తిరిగి ఇవ్వరాదు. అపహరించిన సొమ్ము వసూలు కానిదే, కొంతకాలమైనా శిక్ష అనుభవించనిదే అర్జీని పరిశీలింపరాదు. విడుదలకు కారణాలేమిటో ప్రజలకు వ్రాతపూర్వకంగా చెప్పవలెను. ఎందువల్లననగా, నష్టపోయినవారు ప్రజలు. క్షమించే హక్కు వారిది. రాష్ట్రపతి దానికి ధర్మకర్త మాత్రమే.

ఏ పాఠశాలలోనైనా దీనిని సులభంగా ఊహించుకొనవచ్చును. తరగతి నాయకుడు పిల్లలంతా కూడబెట్టిన విహారయాత్ర సొమ్ము వాడుకొని పట్టుబడినాడనుకొందాము. వాడు కన్నీరు పెట్టుకొంటే ఉపాధ్యాయుడు బెత్తం ప్రక్కన పెట్టవచ్చును, పెట్టుటే మంచిది. సొమ్ము తిరిగి కట్టించి, వానిని మరల తోటిపిల్లల మధ్య కూర్చుండబెట్టవచ్చును. కాని ఆ సాయంత్రమే డబ్బు పెట్టె తిరిగి వాని చేతికిస్తే, తరగతిలోని నలభైమంది పిల్లలూ ఆనాడు నేర్చుకొనే పాఠం ఏమిటి? అది ఏ వాచకంలోనూ ఉండదు, కాని వారు జన్మలో మరువరు.

ఎముక సరిచేయకుండా కట్టు బిగించినవానిని పుత్తూరులో వైద్యుడని ఎవరూ అనరు. రాజ్యం విషయంలోనూ ప్రజలు అంతటి విచక్షణతోనే ఉండవలెను.