ప్రదక్షిణలో ఆగిన పాదం

చిక్కబళ్లాపురం జిల్లా గౌరిబిదనూరు తాలూకాలోని విదురాశ్వత్థ క్షేత్రంలో వేలాది నాగశిలలు కనిపిస్తాయి. సంతానలేమి మొదలు పెళ్లి ఆలస్యం దాకా ఇంటి కష్టాలకు సర్పదోషమే మూలమని నమ్మి, బాగేపల్లి, చింతామణి ప్రాంతాల తెలుగు కుటుంబాలు సహా ఎందరో ప్రతిష్ఠించినవి అవి. పాముభయం నుంచి పుట్టిన ఈ ఆచారపు మూలాలను తవ్వి చూపనక్కరలేదు. ముసలివారి వణుకునూ నడక తడబాటునూ కూడా ఏదో ఒక దోషం ఖాతాలో రాసి, వారిచేత ప్రదక్షిణలు చేయించే భక్తి మాత్రం విచారించదగినది.

ఆ వణుకుకూ తడబాటుకూ కారణం పార్కిన్సన్ వ్యాధి కావచ్చు. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ వర్ణించిన ఈ వ్యాధిలో, మెదడులోని సబ్‌స్టాన్షియా నైగ్రా అనే నల్లని భాగంలో డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు నశించడంతో, అలవాటైన కదలికలు వాటంతటవి సాగవు. ఆరోగ్యవంతుడు అడుగెత్తేముందు తనకు తెలియకుండానే ఒంటి బరువును రెండో కాలిమీదికి మార్చుకుంటాడు. రోగిలో ఈ సన్నాహం దెబ్బతిని పాదాలు నేలకు అతుక్కున్నట్టు నిలిచిపోవడాన్ని నడక స్తంభన అంటారు. ఇరుకు దారి, తొందర, చేతిలో వస్తువు, అన్నిటికీ మించి మలుపు దాన్ని రెచ్చగొడతాయి. ప్రదక్షిణ ఆద్యంతం మలుపే.

అటువంటి మనిషికి చెప్పులు విప్పించి, చేతికి పాలచెంబు ఇచ్చి, రాళ్ల సందుల్లోకి నడిపించి, కాలు ఆగగానే “దేవుడి మీద భారం వేసి నడువు తాతా” అంటూ వెనకనుంచి తోసే దయామయులకు, తూలినప్పుడు చప్పున అడుగువేసి నిలదొక్కుకొనే శక్తిని కూడా ఈ వ్యాధి హరిస్తుందని తెలియదు. తుంటి ఎముక విరిగితే కర్మఫలం, విరగకపోతే స్వామి మహిమ! ఉపవాసం పేరిట డోపమైన్ లోటును పూడ్చేందుకు వేళకు వేయవలసిన లీవోడోపా మాత్ర మాన్పించడం ఇంకా క్రూరం. ఆ మందును హఠాత్తుగా ఆపితే శరీరం బిగుసుకుపోయి, తీవ్ర జ్వరంతో ప్రాణం మీదికి రావచ్చు. ఇంత చేసి, నీకు నమ్మకం చాలలేదని రోగినే నిందిస్తారు.

చదునైన నేలమీద కదలలేనివాడు గుడి గడపను సులువుగా దాటితే అది మహిమగా ప్రచారమవుతుంది. కంటికి కనిపించే అడ్డగీత, చెవికి వినిపించే తాళం మెదడుకు బయటినుంచి ఆసరా ఇస్తాయి గనుకనే వైద్యులు నేలమీద గీతలు గీసి అడుగులు వేయిస్తారు. భజన తాళానికి కాలు కదిలితే సినిమా పాట తాళానికీ కదలవచ్చు. విదురుడు నాటాడని చెప్పే రావిచెట్టే 2001లో కూలిపోగా, దాని నీడన మనుషుల కాళ్లకు పటుత్వం వెతకడం విడ్డూరం.

రోగికి ఆసరా అయిన ఆ లీవోడోపా కూడా మహిమతో దొరకలేదు; దూలగొండి గింజల నుంచి దాన్ని 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి వేరుచేశారు. గింజలో మందున్నదని తేల్చినది పరీక్షే, స్తోత్రం కాదు. విదురాశ్వత్థం ఉన్న గౌరిబిదనూరు తాలూకాలోనే హోసూరులో పుట్టిన హెచ్. నరసింహయ్య, బెంగళూరు విశ్వవిద్యాలయ ఉపకులపతిగా 1976లో మహిమల విచారణకు సంఘం వేసి అడిగినది కూడా అటువంటి పరీక్షనే.

కాలు ఆగిన వృద్ధుణ్ణి లాగకుండా, తోయకుండా, కాసేపు నిలబడనిచ్చి, ఒంటిని మెల్లగా ఒక పక్కకు వాల్చమని చెప్పి, ఎదుట ఒక గీత చూపించాలి; మాత్ర వేళ తప్పనివ్వరాదు. నరాల వైద్యానికి పేరుపొందిన నిమ్హాన్స్ బెంగళూరులోనే ఉంది, గౌరిబిదనూరు నుంచి అదే రోజు చేరవచ్చు.