ఆగస్టు 23 ఎవరి దినము?

బానిస వ్యాపారమును, దాని రద్దును స్మరించుకొనుటకు యునెస్కో సంస్థ ఏటేట ఆగస్టు 23వ తేదీని అంతర్జాతీయ దినముగా పాటించుచున్నది. తేదీ ఎన్నికలోనే ఒక తీర్పు ఇమిడియున్నది. బ్రిటిషు పార్లమెంటు 1807లో చేసిన చట్టపు తేదీని గాని, ఫ్రాన్సు తన వలసలలో దాస్యమును కడపటిసారి రద్దుపరచిన 1848 నాటి తేదీని గాని ఆ సంస్థ గైకొనలేదు. 1791 ఆగస్టు 22 రాత్రి సాన్ డొమింగులో, అనగా నేటి హైతీలో, మొదలై మరునాటికి మంటలై లేచిన బానిసల తిరుగుబాటును గైకొన్నది. విముక్తిని బానిసలు తామే ఆర్జించుకొనిరని దీని భావము. మన పాఠములలో తరచుగా దాస్య నిర్మూలనమనగా పార్లమెంటులు, దయాళువులైన వక్తలు, లింకన్ మహాశయుడు. అంతటితో గంట మ్రోగును.

సాన్ డొమింగు ఆనాడు ఫ్రెంచివారి పాలిటి కల్పవృక్షము. ఐరోపాకు చేరు చక్కెరలో సుమారు నూటికి నలుబది పాళ్లు, కాఫీలో సగమునకు పైగా అచ్చటిదే. ఆ చెట్టు వేళ్లకు నెత్తురు పోసినవారు సుమారు ఐదు లక్షల బానిసలు. చెరకు తోటలు, గానుగలు, మరుగు కాగులు వారిని ఎంత వేగముగా మ్రింగెననగా, పుట్టుకలకంటె చావులే మిక్కుటము. ఆ కొరతను పూరించుటకు ఆఫ్రికా తీరమునుండి ఏటేట వేలకొలది నరులను ఓడలలో తెచ్చెడివారు.

1789లో వెర్సాయి నగరమున మానవ హక్కుల ప్రకటన వెలువడినది. అందలి ‘మానవుడు’ అను పదములో తామును చేరుదుమని నిరూపించినవారు ఈ బానిసలే. 1794 ఫిబ్రవరి 4న ఫ్రెంచి కన్వెన్షను దాస్యమును రద్దు చేసిన మాట నిజమే. దానిని విప్లవ ఫ్రాన్సు ఔదార్యముగా కొందరు వర్ణింతురు, నేను అంగీకరింపజాలను. 1793 ఆగస్టులోనే ఆ వలసలోని కమిషనరు సోన్తొనాక్స్ ఉత్తర ప్రాంతమున విముక్తి ప్రకటించియుండెను. స్పెయిను, బ్రిటనులతో యుద్ధము నడుచుచుండగా, ఆయుధములు పట్టిన బానిసలు తన పక్షమునకు రాకున్న వలస దక్కదని అతడు ఎరుగును. ప్యారిసు సభ పిదప దానికి ముద్ర వేసినది. ఔదార్యమే అయినచో 1802లో నెపోలియను దాస్యమును మరల నిలుపుటకు పూనుకొనుట ఎట్లు సాధ్యమయ్యెడిది?

బానిసగా పుట్టి సేనానియైన తూసాన్ లువెర్త్యూరును ఆ యేడే మోసముతో బంధించి ఫ్రాన్సునకు తరలించిరి. జురా పర్వతములలోని చలికోటలో 1803 ఏప్రిల్ 7న ఆయన మరణించెను. పోరు ఆగలేదు. ఆ నవంబరు 18న వెర్తియేర్ యుద్ధమున ఫ్రెంచి సేన ఓడినది. 1804 జనవరి 1న దెసలీన్ స్వాతంత్ర్యము ప్రకటించి, ఆ నేలకు ఆదివాసుల నాటి హైతీ అను పేరునే నిలిపెను.

ఉపాధ్యాయ మిత్రులు 1789 పాఠముతోపాటు 1791ని చెప్పవలెనని నా కోరిక. చెప్పునప్పుడు మెరుగులు దిద్ద నక్కరలేదు. తూసాన్ విముక్తులను మరల తోటపనికి నిర్బంధించెను. 1804లో మిగిలిన ఫ్రెంచివారిని దెసలీన్ ఊచకోత కోయించెను. విద్యార్థులు ఇవియును విని తర్కింపవలెను.

అప్పుల కథను వారికి తప్పక చెప్పుడు. 1825లో పదవ చార్లెస్ రాజు యుద్ధనౌకలను పంపి, తోటల యజమానుల నష్టమునకు పరిహారముగా 15 కోట్ల ఫ్రాంకులు కోరెను. తమ దేహముల ఖరీదును కూడ విముక్తులే చెల్లింపవలసి వచ్చినది! 1838లో దానిని 9 కోట్లకు తగ్గించిరి. దానికై తెచ్చిన అప్పుల భారము 1947 వరకు తీరలేదు. ప్యారిసులోని పాంథియనులో 1998లో తూసాన్ పేర స్మారక ఫలకము వెలసినది. ఆ పరిహారపు చరిత్రను పరిశీలించుటకు ఇరుదేశముల చరిత్రకారుల సంఘమును ఫ్రాన్సు ప్రకటించినది మాత్రము 2025లో. రాతిపై పేరు చెక్కుట సులభము, లెక్క తేల్చుట కష్టము కాబోలు.

హైతీ గృహిణులు ఫలకములకొరకు వేచియుండలేదు. వారు ప్రతి జనవరి 1న గుమ్మడికాయతో చిక్కని సూపు కాచి ఇరుగుపొరుగులకు పంచుదురు. దానిని వండినవారు బానిసలేయైనను, త్రాగు హక్కు దొరలకే ఉండెడిదని వారి పెద్దలు చెప్పుదురు.