ఇంటి కంప్యూటర్‌కు దారి ఎందుకు దొరకదు?

మీరుండేది హనుమకొండ నయీంనగర్ హాస్టల్లో. ప్రాజెక్టు ఫైళ్లు, లినక్స్ నేర్చుకుంటున్న పాత డెస్క్‌టాప్ ఉన్నది నర్సంపేటలో, ఇంట్లో. దాన్ని ఇక్కణ్నుంచే వాడాలని వీడియోలు చూసి వీపీఎన్ పెట్టారు. చెప్పినవన్నీ చేశారు. అయినా కనెక్ట్ కాదు. తప్పు మీది కాకపోవచ్చు.

పాత పద్ధతి ఐపీ అడ్రస్‌లు ప్రపంచం మొత్తానికి దాదాపు 430 కోట్లే. మన ప్రాంతానికి వాటిని పంచే ఏపీనిక్ దగ్గర 2011 ఏప్రిల్‌కే నిల్వ చివరి బ్లాకుకు చేరింది. దాంతో చాలా ఇంటర్నెట్ కంపెనీలు ఎన్నో ఇళ్లను ఒకే పబ్లిక్ అడ్రస్ వెనక పెడుతున్నాయి. దీన్నే సీజీనాట్ అంటారు. అపార్ట్‌మెంట్ మొత్తానికి ఒకే డోర్ నంబర్ ఉండి, ఫ్లాట్ నంబర్ బయట ఎవరికీ తెలియనట్టన్నమాట. మీరు బయటికి వెళ్లొచ్చు గానీ బయటివాళ్లు మీ తలుపు కొట్టలేరు. రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ ఎంత చేసినా ఫలితం ఉండదు.

ముందు రూటర్ పేజీలో వాన్ ఐపీ చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య ఉన్నా, 10తో మొదలైనా విషయం అదే. అప్పుడు దారులు కొన్నే: డబ్బు కట్టి స్టాటిక్ ఐపీ తీసుకోవడం, రెండువైపులా ఐపీవీ6 ఉంటే దాన్ని వాడటం, టెయిల్‌స్కేల్ లాంటి సర్వీసు పెట్టుకోవడం, లేదా చిన్న క్లౌడ్ సర్వర్ అద్దెకు తీసుకుని దాని మీదుగా వెళ్లడం. పని తొందరగా కావాలంటే టెయిల్‌స్కేల్. ఉద్యోగం కోసం నేర్చుకోవాలంటే మాత్రం క్లౌడ్ సర్వర్ మీద వైర్‌గార్డ్ మీరే పెట్టండి. 2020 మార్చిలో వచ్చిన లినక్స్ కెర్నల్ 5.6 నుంచి ఇది అందులోనే ఉంది. రెండువైపులా కీ జతలు తయారుచేసి, సర్వర్‌లో ఒక యూడీపీ పోర్టు (మామూలుగా 51820) తెరిస్తే చాలు.

ఇక్కడ చాలామంది ఇంకోచోట ఇరుక్కుంటారు. హాస్టల్ వైఫై, ఇంటి రూటర్ రెండూ 192.168.1 వరుసే వాడుతుంటే ప్యాకెట్ ఎటు పోవాలో ల్యాప్‌టాప్‌కు తెలియదు. ఇంటి వరుస మార్చేయండి. ఈ గొడవ ఎలా కనిపెట్టారో ఇంటర్వ్యూలో చెప్పగలిగితే, రెజ్యూమెలో 'నెట్‌వర్కింగ్ తెలుసు' అని రాసినదానికంటే ఎక్కువ నమ్ముతారని నా అభిప్రాయం. మడికొండలో 2020 జనవరిలో టెక్ మహీంద్రా, సైయంట్ సెంటర్లు మొదలయ్యాయి. అదే ఏడాది కరోనాతో ఐటీ ఉద్యోగులంతా ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లాల్సి వచ్చింది. మీరు ఇప్పుడు ఇంటికి వేసుకుంటున్న దారి కూడా అలాంటిదే, దిశ ఒక్కటే వేరు.

పబ్లిక్ ఐపీ ఉంది కదా అని వీపీఎన్ లేకుండా రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు 3389 నేరుగా తెరవకండి. అలా తెరిచి ఉన్నవాటి కోసం ఇంటర్నెట్‌లో స్కానింగ్ రాత్రీపగలూ నడుస్తూనే ఉంటుంది.

'వీపీఎన్ వాడితే కేసవుతుందా సార్?' అనే అనుమానం కూడా ఉంది. సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల వల్ల వచ్చిన భయమిది. కస్టమర్ల వివరాలు 5 ఏళ్లపాటు ఉంచాలని వీపీఎన్ సర్వీసు అమ్మేవాళ్లకు చెప్పింది. ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్ అప్పుడే ఇక్కడి సర్వర్లు తీసేసింది. జనానికి సర్వీసు ఇచ్చేవాళ్లకే ఇది, కంపెనీల సొంత వీపీఎన్‌లకు కాదని తర్వాత వివరణ ఇచ్చారు. మీ ఇంటికి మీరు వేసుకునేది ఎవరికీ అమ్మే సర్వీసు కాదు. అయితే రేపు ఉద్యోగం వచ్చాక కంపెనీ ల్యాప్‌టాప్‌లో మాత్రం దీన్ని పెట్టకండి. చాలాచోట్ల అది పాలసీ ఉల్లంఘన.

ఇంకొక్క మాట. ఊళ్లో కరెంటు పోయి వచ్చాక డెస్క్‌టాప్ దానంతటదే ఆన్ అయ్యేలా బయోస్‌లో సెట్టింగ్ ఉంటుంది. దసరా సెలవులకు వెళ్లినప్పుడే మార్చి రండి. లేదంటే ప్రతిసారీ అమ్మకు ఫోన్ చేసి, ఆ బటన్ నొక్కమని బతిమాలాల్సిందే.