టీకా ఘనత బ్రెగ్జిట్‌ది కాదు

కొవిడ్‌ టీకాల విషయంలో బ్రిటన్‌ తన పొరుగు దేశాల కన్నా ముందు నడిచింది. అందులో సందేహం లేదు. 2020 డిసెంబరు 8న కొవెంట్రీ ఆసుపత్రిలో 90 ఏళ్ల వృద్ధురాలు ఫైజర్‌ టీకా తొలి డోసు వేయించుకునే నాటికి, ఐరోపా సమాఖ్యలో ఆ టీకాకు ఇంకా అనుమతే రాలేదు. అక్కడ టీకాలు మొదలయ్యేసరికి క్రిస్మస్‌ దాటిపోయింది. ఈ ఆధిక్యాన్ని బ్రెగ్జిట్‌ పద్దులో రాసుకోవడానికి నాటి పాలకులు ఒక్కరోజు కూడా ఆగలేదు. సమాఖ్య నుంచి బయటపడ్డాం కాబట్టే ప్రజల ప్రాణాలు కాపాడుకోగలిగామని అప్పటి ప్రధాని బోరిస్‌ జాన్సన్‌, ఆయన అనుచరులు పదేపదే చెబుతూ వచ్చారు. ఆ వాదన చట్టం ముందు నిలవదు. తేదీల ముందు అసలే నిలవదు.

ముందు అనుమతి సంగతి చూద్దాం. డిసెంబరు 2న ఫైజర్‌ టీకాకు బ్రిటన్‌ ఔషధ నియంత్రణ సంస్థ పచ్చజెండా ఊపింది. ఇంత వేగం బ్రెగ్జిట్‌ వల్లే సాధ్యమైందని ఆరోగ్య మంత్రి మ్యాట్‌ హ్యాంకాక్‌ ప్రకటించారు. అదే రోజు విలేకరుల ముందుకొచ్చిన నియంత్రణ సంస్థ అధిపతి జూన్‌ రైన్‌ చెప్పింది వేరు. జనవరి 1 దాకా అమల్లో ఉండే ఐరోపా చట్టంలోని నిబంధన ప్రకారమే అనుమతి ఇచ్చామని ఆమె స్పష్టం చేశారు. బ్రిటన్‌ 2020 జనవరి 31న సమాఖ్యను వీడినా, పరివర్తన కాలం ముగిసే డిసెంబరు 31 వరకు ఐరోపా ఔషధ చట్టాలే అక్కడా వర్తించాయి. అత్యవసర వేళ ఏ సభ్యదేశమైనా తన గడ్డపై ఒక మందుకు తాత్కాలిక అనుమతి ఇచ్చుకోవచ్చని ఆ చట్టాలే చెబుతున్నాయి. ఆ వెసులుబాటును బ్రిటన్‌ తన నిబంధనల్లో చేర్చుకుంది 2012లో, అంటే బ్రెగ్జిట్‌ రెఫరెండానికి నాలుగేళ్ల ముందు. 2021 జనవరిలో హంగరీ రష్యా, చైనా టీకాలకు సొంతంగా అనుమతి ఇచ్చుకున్నప్పుడు సమాఖ్య నుంచి బయటికి పోవాల్సిన అవసరం దానికి రాలేదు.

కొనుగోళ్ల కథా ఇంతే. ఐరోపా సమాఖ్యలో ప్రజారోగ్యం ప్రధానంగా సభ్యదేశాల బాధ్యత. ఉమ్మడి టీకాల కొనుగోలులో చేరి తీరాలన్న నిర్బంధం ఎవరికీ లేదు. 2020 జూన్‌లో జర్మనీ, ఫ్రాన్స్‌, ఇటలీ, నెదర్లాండ్స్‌ సొంత కూటమి కట్టి, 40 కోట్ల డోసుల దాకా ఆస్ట్రాజెనెకాతో అవగాహనకు వచ్చాయి. ఆ తరవాతే ఆ బాధ్యతను ఐరోపా కమిషన్‌కు అప్పగించాయి. ఉమ్మడి పథకంలో చేరమని బ్రిటన్‌కూ పిలుపు వచ్చింది. బేరాల్లో తమకు మాట ఉండదని, అవే కంపెనీలతో విడిగా మాట్లాడుకునే వీలు పోతుందని చెప్పి జులైలో లండన్‌ కాదంది. ఆ నిర్ణయం సరైనదే. సభ్యదేశంగా ఉండి ఉంటే, మిగతా అందరూ ఒకదారిలో నడుస్తుంటే బ్రిటన్‌ ఒక్కటే పక్కకు తప్పుకోగలిగేదా అన్న ప్రశ్నకూ బలముంది. ఆ మేరకు బ్రెగ్జిట్‌ ఆ నిర్ణయాన్ని రాజకీయంగా సులువు చేసింది. సులువు చేయడం వేరు, సాధ్యం చేయడం వేరు. తన కోడి కూస్తేనే ఊరికి తెల్లవారుతుందనుకున్న ముసలమ్మ పొరపాటే ఇక్కడా జరిగింది.

మరి బ్రిటన్‌ను ముందు నిలిపిందేమిటి? తొందరగా మేల్కొనడం, ఖర్చుకు వెనకాడకపోవడం. 2020 ఏప్రిల్‌లోనే టీకా టాస్క్‌ఫోర్స్‌ ఏర్పాటైంది. ఔషధ రంగంలో పెట్టుబడులు పెట్టి ఆరితేరిన కేట్‌ బింగమ్‌కు మే నెలలో దాని పగ్గాలు దక్కాయి. ఆమె నేరుగా ప్రధానికే జవాబుదారీ. ఫైజర్‌తో 3 కోట్ల డోసులకు బ్రిటన్‌ జులై 20న ఒప్పందం ప్రకటిస్తే, ఐరోపా కమిషన్‌ నవంబరు 11 దాకా తేల్చలేదు. ఆస్ట్రాజెనెకా విషయం ఇంకా విచిత్రం. పూర్తిస్థాయి ఒప్పందంపై బ్రసెల్స్‌లోని కమిషన్‌ ఆగస్టు 27న సంతకం చేస్తే, లండన్‌ మరునాడు చేసింది. తేడా సంతకంలో లేదు. బ్రిటన్‌ మే నెలలోనే 10 కోట్ల డోసులకు మాట తీసుకుని, ఆ కంపెనీ తయారుచేసే ఆక్స్‌ఫర్డ్‌ టీకాకు నిధులిచ్చి, ఉత్పత్తిని గాడిలో పెట్టే పని మొదలెట్టింది. లోపాలు సరిదిద్దుకోవడానికి అక్కడ మూడు నెలలు ఎక్కువ దొరికాయని ఆ కంపెనీ అధిపతి పాస్కల్‌ సోరియో స్వయంగా చెప్పారు. అదే కాలంలో బ్రసెల్స్‌ ధర దగ్గరా, నష్టపరిహార బాధ్యత దగ్గరా గీచిగీచి బేరమాడింది. బెల్జియం మంత్రి ఒకరు సామాజిక మాధ్యమంలో పెట్టిన ధరల పట్టికలో ఆస్ట్రాజెనెకా డోసు 1.78 యూరోలు, ఫైజర్‌ 12 యూరోలు. డోసుకు కొన్ని సెంట్లు మిగిలాయేమో గాని వారాలు కరిగిపోయాయి. అనుమతుల్లో ఆలస్యం చేశామని, భారీ ఉత్పత్తిపై అతిగా ఆశ పెట్టుకున్నామని 2021 ఫిబ్రవరిలో కమిషన్‌ అధ్యక్షురాలు ఉర్సులా వాన్‌ డెర్‌ లేయెన్‌ ఒప్పుకోక తప్పలేదు.

ఒంటరిగా గెలిచామన్న గొప్పలోనూ నిజం తక్కువే. బ్రిటన్‌ ప్రజలు వేయించుకున్న ఫైజర్‌ టీకాలు వచ్చింది బెల్జియంలోని పూర్స్‌ కర్మాగారం నుంచి. 2021 తొలినాళ్లలో ఆరు వారాల వ్యవధిలోనే సమాఖ్య దేశాల నుంచి కోటికి పైగా డోసులు బ్రిటన్‌కు వెళ్లాయని కమిషన్‌ లెక్క. పుణెలోని సీరమ్‌ సంస్థ నుంచి రావాల్సిన 50 లక్షల డోసులు ఆలస్యమయ్యేసరికి ఏప్రిల్‌లో బ్రిటన్‌లో సరఫరా బిగుసుకుంది. ఇక తొలి ఆధిక్యమూ ఎంతోకాలం నిలవలేదు. 2021 ఆగస్టు చివరికి సమాఖ్యలో 70 శాతం వయోజనులకు రెండు డోసులూ పూర్తయ్యాయి. పోర్చుగల్‌, స్పెయిన్‌, డెన్మార్క్‌ జనాభా నిష్పత్తిలో బ్రిటన్‌ను దాటిపోయాయి.

కలిసి కొనాలా, విడిగా కొనాలా అన్న ప్రశ్నకు తెలుగువారూ మూల్యం చెల్లించారు. 2021 మే 1 నుంచి 18-44 ఏళ్లవారి టీకాలను రాష్ట్రాలే కొనుక్కోవాలని కేంద్రం చేతులు దులిపేసుకుంది. హైదరాబాద్‌లో తయారైన కొవాగ్జిన్‌ కేంద్రానికి 150 రూపాయలైతే, రాష్ట్రాలకు తొలుత 600, విమర్శల తరవాత 400. కోటి డోసుల కోసం ఆంధ్రప్రదేశ్‌, తెలంగాణ పిలిచిన గ్లోబల్‌ టెండర్లకు ఒక్క బిడ్‌ కూడా రాలేదు. విదేశీ కంపెనీలు కేంద్రంతో తప్ప మాట్లాడబోమన్నాయి. చివరికి జూన్‌ 21 నుంచి ఆ భారం మళ్లీ కేంద్రమే తలకెత్తుకోవాల్సి వచ్చింది. బేరమాడే బలం ఉమ్మడిగా ఉంటేనే వస్తుందని ఆ ఏడు వారాలు రుజువు చేశాయి. ఆ బలాన్ని సకాలంలో వాడే చురుకు మాత్రం నాయకత్వానికే ఉండాలి.

బ్రిటన్‌ టీకా విజయం దాని శాస్త్రవేత్తలది, ఆరోగ్య సిబ్బందిది, వేసవిలోనే డబ్బు పణంగా పెట్టిన ప్రభుత్వ నిర్ణయానిది. ఐరోపా జాప్యం ఉమ్మడితనం తెచ్చిన శాపం కాదు, ఉమ్మడితనాన్ని గుమాస్తాగిరిగా మార్చిన నిర్వాకం. ఆ పాఠం నేర్చుకునే సమాఖ్య 2021 సెప్టెంబరులో ఆరోగ్య అత్యవసర పరిస్థితుల కోసం ప్రత్యేక వ్యవస్థను నెలకొల్పింది. ఘనతను తప్పుడు పద్దులో రాసుకున్న దేశం మాత్రం వచ్చే మహమ్మారికి తప్పుడు మందునే వెతుక్కుంటుంది. బ్రెగ్జిట్‌ మంచిదా, చెడ్డదా అన్నది బ్రిటన్‌ ఓటర్లు తేల్చుకోవాల్సిన విషయం. ఆ తక్కెడలో టీకాను బ్రెగ్జిట్‌ వైపు వేసి తూచే హక్కు మాత్రం ఎవరికీ లేదు.