మీటరు పెట్టాకే పార్టు మార్చాలి

బళ్లారి, హోసూరులలో లగేజీ ఆటోలు నడిపే మనవాళ్లకు తెలిసిన బాధే ఇది. గుంతలో పడితే హెడ్‌లైటు ఆరిపోతుంది. షెడ్డుకు తీసుకెళ్తే చక్కగా వెలుగుతుంది. బల్బు మార్చు, బ్యాటరీ మార్చు అంటారు. డబ్బులు పోతాయి, రోగం పోదు.

మల్టీమీటరు బీప్‌మన్నంత మాత్రాన వైరు బాగున్నట్టు కాదు. లోపల ఒక్క పోగు మిగిలినా మోగుతుంది. లైటు వేసి ఉంచి, మీటరును డీసీ వోల్టుల్లో పెట్టాలి. ఒక ప్రోబ్ బ్యాటరీ నెగెటివ్‌కు, రెండోది లైటు ఎర్త్‌కు ఆనించి వైర్లు కదపాలి. 0.2 వోల్టుల్లోపు నిలకడగా ఉంటే ఎర్త్ మంచిదే. పాజిటివ్ వైపు వెతకాలి. కదిపినప్పుడల్లా అంకె పెరిగితే లోపం ఎర్త్‌లోనే. చాలాసార్లు తుప్పు గీకి బోల్టు బిగిస్తే సరిపోతుంది.

కొత్త పార్టుకు డబ్బులిచ్చే ముందు 'మీటరు పెట్టి చూపించన్నా' అనాలి. కన్నడంలోనో తమిళంలోనో అయినా సరే, ఆ మాట అడగడానికి మొహమాటమెందుకు?